మచ్చిక, అప్పగింత

తెలుగులో “మచ్చిక” అని ఒక చక్కని మాట ఉంది. నిఘంటువు తెరిస్తే ప్రేమ, చనువు, స్నేహం అన్న అర్థాలు కనబడతాయి. పొరుగింటి పసివాణ్ణి మచ్చిక చేసుకున్నా, పెరట్లోకి వచ్చిన పిల్లిని మచ్చిక చేసుకున్నా మనకు మాట ఒకటే. అమెరికా పడమటి రాష్ట్రాల్లో గుర్రాన్ని దారికి తెచ్చుకోవడానికి తరతరాలుగా వాడిన మాట ఇది కాదు. అక్కడ గుర్రాన్ని “బ్రేక్” చేస్తారు, అంటే విరుస్తారు. కాళ్ళకు తాళ్ళు బిగించి, కళ్ళకు గంతలు కట్టి, జీను వేసి, ఎగిరి ఎగిరి అలసిపోయేవరకు మీద కూర్చోవడం ఆ పాత పద్ధతి. పాత సినిమాలు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఈ రెండు మాటల మధ్య ఎంత దూరముందో నాకు 2011 వేసవిలో తెలిసింది. అప్పట్లో మేము టెక్సస్‌లో, పూర్తిగా ఊరూ కాని, పూర్తిగా బీడూ కాని ఒక నగరపు అంచున ఉండేవాళ్ళం. మా కంచె పక్కింటి పద్నాలుగేళ్ళ అమ్మాయి, మనిషి చేయి తగలని ఒక అడవి గుర్రప్పిల్లను తెచ్చుకొని, సుమారు వంద రోజుల్లో దాన్ని పోటీకి సిద్ధం చేసింది. ఆ వంద రోజులూ కంచెకు ఇవతల నిలబడి చూసినవాణ్ణి కనుక ఈ టపా రాసే అర్హత కొంత ఉందనుకుంటున్నాను. ఐతే ముందుగా ఆ గుర్రాలు ఎక్కడివో, పిల్లల చేతుల్లోకి ఎలా వచ్చాయో చెప్పుకోవాలి.

“మస్టాంగ్” అనగానే మనలో చాలామందికి ఫోర్డు కారు గుర్తుకొస్తుంది. ఆ మాట స్పానిష్ భాషలోని “మెస్తెన్యో” నుంచి వచ్చింది. యజమాని లేకుండా తిరిగే పశువు అని దాని అర్థం. గుర్రం పూర్వీకులు పుట్టింది ఉత్తర అమెరికాలోనే. కానీ సుమారు పదివేల ఏళ్ళ క్రితం ఆ ఖండంలో ఆ జాతి అంతరించింది. మళ్ళీ 1519లో కోర్తెస్ ఓడలు మెక్సికో తీరానికి చేరినప్పుడు 16 గుర్రాలు ఆ నేల మీద దిగాయి. తరువాత వచ్చిన స్పానిష్ గుర్రాలు, వలసవచ్చిన రైతుల గుర్రాలు, సైన్యపు గుర్రాలు తప్పించుకున్నవి కొన్ని, వదిలేసినవి కొన్ని కలిసి మందలయ్యాయి. పుట్టింటికి తిరిగొచ్చిన జాతి అనాలో, ఎవరికీ చెందని జాతి అనాలో ఈ రోజుకీ అక్కడివారు తేల్చుకోలేదు.

ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో ఈ మందలను తరిమి పట్టి, కుక్కలకూ కోళ్ళకూ మేత చేసే కర్మాగారాలకు అమ్మేవారు. 1950లో నెవాడాలో వెల్మా జాన్‌స్టన్ అనే కార్యాలయ ఉద్యోగిని రోడ్డు మీద ఒక లారీలోంచి నెత్తురు కారడం చూసి దాని వెంట వెళ్ళింది. లోపల, విమానాలతో తరిమి పట్టిన అడవి గుర్రాలు. చిన్నప్పుడు పోలియో బారిన పడిన ఆమె మిగిలిన జీవితమంతా ఈ గుర్రాల కోసమే పోరాడింది. వెక్కిరించడానికి పెట్టిన “వైల్డ్ హార్స్ యానీ” అన్న పేరును గర్వంగా తగిలించుకుంది. మోటారు వాహనాలతో, విమానాలతో ఈ గుర్రాలను వేటాడరాదని 1959లో ఒక చట్టం వచ్చింది. అది చాలలేదు. అప్పుడు బడిపిల్లలు కలాలు పట్టారు. దేశం నలుమూలల నుంచి చట్టసభల సభ్యులకు ఉత్తరాలు గుట్టలుగా వచ్చిపడ్డాయి. 1971 డిసెంబరు 15న అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో అడవి గుర్రాల, గాడిదల రక్షణ చట్టం అమలులోకి వచ్చింది. ఉభయ సభల్లోనూ ఒక్క వ్యతిరేక ఓటు కూడా పడలేదు.

అంటే ఈ గుర్రాలకు బతికే హక్కు దక్కడంలో పిల్లల చేతిరాతకు వాటా ఉంది. ఆ పిల్లలు ఊహించని చిక్కు తరువాత వచ్చింది. రక్షణ దొరికిన మంద పెరుగుతుంది. వాటిని తినే మృగాలు ఆ ఎడారి భూముల్లో పెద్దగా లేవు. ఒక మంద నాలుగైదేళ్ళలో రెట్టింపు కాగలదు. నీరు తక్కువ, గడ్డి తక్కువ, పోటీకి పశువుల మందలు. భూములను చూసే బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజ్‌మెంట్ లెక్క ప్రకారం ఆ నేల భరించగలిగేది సుమారు 27 వేల గుర్రాలూ గాడిదలూ. 2020 నాటికి అక్కడున్నవి సుమారు 95 వేలు. ఎక్కువైనవాటిని హెలికాప్టర్లతో తరిమి, దొడ్లలోకి పట్టి, మెడ ఎడమవైపు ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచిన ముద్ర వేసి, దత్తతకు పెడతారు. దత్తత పోనివాటిని ప్రభుత్వమే పోషించాలి. 2024 నాటికి అలా దొడ్లలో, అద్దె పచ్చిక భూముల్లో ఉన్నవి 60 వేలకు పైమాటే. గుడ్డిగుర్రానికైనా దాణా తప్పదని మన సామెత. కళ్ళున్న అరవై వేల గుర్రాల సంగతి వేరే చెప్పాలా?

దత్తతకు జనం ఎందుకు రారు? ఫీజు కారణం కాదు. కనీస ఫీజు 125 డాలర్లు, మంచి బూట్ల జత ధర. కారణం భయం. అడుగు దూరానికి రానివ్వని జంతువును ఇంటికి తెచ్చుకొని ఏం చేసుకోవాలి? ఈ ప్రశ్నకు జవాబుగా 2007లో మస్టాంగ్ హెరిటేజ్ ఫౌండేషన్ అనే సంస్థ టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఒక పోటీ పెట్టింది. వందమంది శిక్షకులు, వంద గుర్రాలు, సుమారు వంద రోజులు. ఎవరికి ఏ గుర్రం వస్తుందో చీటీల మీదే. గడువు ముగిశాక జనం ముందు ప్రదర్శన, ఆ వెంటనే వేలం. ఇదే దారిలో కొన్నాళ్ళకు ఎనిమిదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ లోపు పిల్లలకు కూడా పోటీలు వచ్చాయి. పిల్లలకు ఇచ్చేవి ఏడాది వయసు గుర్రప్పిల్లలు. వాటి ఎముకలు ఇంకా ముదరవు కనుక ఎవరూ ఎక్కరాదు. నేల మీద నిలబడి, చేతిలో తాడుతో, మాటతో, నడకతో చేయించగలిగినంతే చేయించాలి. ఎక్కని గుర్రానికి శిక్షణ ఏమిటని నేను కూడా మొదట్లో అనుకున్నాను. చూశాక, అసలు శిక్షణంతా ఎక్కకముందే ఉందని తెలిసింది.

ఇక మా పక్కింటి సంగతి. చట్టం ప్రకారం దత్తత తీసుకునేవారికి పద్దెనిమిదేళ్ళు నిండాలి కనుక కాగితాల మీద పేరు తండ్రిది. గుర్రం నెవాడా నుంచి వచ్చింది. రాగి రంగు ఆడపిల్ల. రంగును బట్టి “పెన్నీ” అని పేరు పెట్టారు, మన లెక్కలో రాగి పైసా. అయిదడుగుల ఎత్తు కంచె ఉన్న దొడ్లోకి ట్రెయిలర్ తలుపు తెరవగానే, ఒక్క దూకులో అవతలి మూలకు చేరి, వెనుదిరిగి నిలబడింది. మర్నాడు చూసినా అదే మూల. మూడోనాడు చూసినా అదే మూల.

ఆ అమ్మాయి చేసిన మొదటి పని దొడ్డి మధ్యలో ఒక బాల్చీ బోర్లించుకొని దాని మీద కూర్చోవడం. చేతిలో సెలవుల్లో చదవమని బడిలో ఇచ్చిన పుస్తకం. పైకి చదివేది. గుర్రం వంక చూసేది కాదు. అలా ఉదయం గంట, సాయంత్రం గంట, వారం రోజులు. ఆ వేసవి టెక్సస్ చరిత్రలో మరిచిపోలేనిది. డాలస్, ఫోర్ట్‌వర్త్ ప్రాంతంలో 71 రోజులు నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది. అందుచేత ఆ చదువు తెల్లవారుజామున అయిదున్నరకే మొదలయ్యేది. నేను కాఫీ కప్పుతో బయటికి వచ్చేసరికి కంచె అవతల ఎవరో హరికథ చెబుతున్నట్టు ఉండేది. శ్రోత ఒక్కరే, అదీ వీపు తిప్పుకొని.

ఎందుకలా అని అడిగితే ఆమె చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి, దాదాపు చుట్టూ చూడగలదు. మనిషి కళ్ళు పులి కళ్ళలా ముందుకు ఉంటాయి. మనం నేరుగా చూస్తూ నేరుగా నడిచి వెళితే దాని భాషలో అర్థం ఒకటే: నిన్ను తినడానికి వస్తున్నాను. కాబట్టి ముందు నేను పులిని కాదని రుజువు చేసుకోవాలి. ఆ రుజువు ఎన్నాళ్ళు పడుతుందో నిర్ణయించేది గుర్రమే.

తొమ్మిదోనాడు పెన్నీ ఆమె టోపీ వాసన చూసింది. టోపీ కదిలింది, గుర్రం పారిపోయింది. ఆ రోజు ఆ అమ్మాయి మొహం చూడాలి! పరీక్షల్లో మొదటి ర్యాంకు వచ్చిన పిల్ల కూడా అంత వెలిగిపోదు. తరువాత పొడవాటి వెదురుకర్ర కొసకు పాత చేతితొడుగు కట్టి, దూరం నుంచి భుజం మీద తాకడం. గుర్రం కదలక నిలబడితే ఆ క్షణమే కర్ర తీసేయడం. పారిపోతే తీయకుండా వెంట నడవడం, ఆగగానే తీసేయడం. రోజురోజుకూ కర్రను పొట్టిగా పట్టుకుంటూ వచ్చి, ఒకనాటికి కర్ర పోయి చేయి మిగిలింది. ముందు భుజం, తరువాత మెడ, చివరగా మొహం. కుడివైపు నేర్చుకున్నది ఎడమవైపు మళ్ళీ మొదటినుంచి నేర్పాలి. ఒక కంటితో చూసి ధైర్యపడిన వస్తువునే రెండో కంటితో చూసి బెదురుతుంది.

ఈ పద్ధతికి అక్కడ పెద్ద సంప్రదాయమే ఉంది. పశువుల కాపరిగా జీవితం గడిపిన టామ్ డోరెన్స్, అతని శిష్యుడు రే హంట్ గత శతాబ్దపు రెండో సగంలో దీన్ని ఊరూరా నేర్పారు. అంతకు చాలా ముందే, క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో, గ్రీకు సేనాని జెనొఫోన్ గుర్రపు స్వారీ గురించి రాస్తూ, బలవంతాన చేయించిన పనిలో అందం ఉండదన్న అర్థంలో చెప్పాడు. తరతరాల “విరవడం” ఈ రెండిటి మధ్య ఎలా ఇరుక్కుందో చరిత్రకారులు చెప్పాలి.

సూత్రం చెప్పుకోవడానికి చిన్నదే. ఒత్తిడి పెట్టు, సరైన పని జరగగానే విడిచిపెట్టు. ఐతే చాలామంది మొదటి సగం దగ్గరే ఆగిపోతారు. ఆ అమ్మాయి చెప్పేదేమిటంటే, గుర్రం నేర్చుకునేది ఒత్తిడి పెట్టినప్పుడు కాదు, విడిచిన క్షణంలో. ఆ క్షణంలో తను ఏం చేస్తూ ఉందో అదే సరైనదని దానికి గుర్తుండిపోతుంది. విడవడం ఒక్క క్షణం ఆలస్యమైతే వేరే పాఠం నేర్చుకుంటుంది. అసలు విడవకపోతే ఏమీ నేర్చుకోదు, మొద్దుబారిపోతుంది.

ఇది విన్న రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. పోటీలు మన పిల్లలకు కొత్త కాదు. ఇక్కడ స్పెల్లింగ్ పోటీలు, గణితం పోటీలు. అక్కడ ఎంసెట్లు, ఐఐటీలు. ఒత్తిడి పెట్టే విద్యలో తెలుగువాళ్ళను మించినవారు లేరు. తొంభై అయిదు వస్తే మిగిలిన అయిదూ ఏవని అడుగుతాం. వంద వస్తే వచ్చేవారం పరీక్ష సంగతి అడుగుతాం. విడుపు ఎక్కడ? పిల్లకు “ఇది సరైనది” అని తెలిసే ఆ ఒక్క వదులు క్షణం ఎక్కడ? ఎవరినీ తప్పుపట్టడానికి కాదు ఈ మాట. మేమూ ఇద్దరు పిల్లల తల్లిదండ్రులమే. కాకపోతే ఈ ప్రశ్న నాకు పుట్టింది ఏ విద్యావేత్త ఉపన్యాసం వినో కాదు, పక్కింటి దొడ్లో పేడ ఎత్తుతున్న పద్నాలుగేళ్ళ పిల్ల మాట విని.

సరే, అసలు విషయానికొద్దాం. జూలై వచ్చేసరికి పెన్నీ తాడు పట్టుకుంటే నడిచేది. ఇక రెండు గండాలు మిగిలాయి. ఒకటి కాళ్ళు. గిట్టలు తరచుగా చెక్కాలి కనుక ప్రతి కాలూ ఎత్తనివ్వాలి. పారిపోవడమే ప్రాణరక్షణ అయిన జంతువు, కాలు మరొకరి చేతిలో పెట్టడమంటే ప్రాణం చేతిలో పెట్టడమే. మొదట మెత్తటి తాడు కాలికి చుట్టి, కొంచెం లాగి, అది బరువు మార్చగానే వదిలేసేది. ఎడమ వెనుకకాలు ఒక్కటీ నెలరోజులు తీసుకుంది. రెండోది ట్రెయిలర్. చీకటిగా, ఇరుగ్గా, అడుగు వేస్తే డబడబలాడే ఇనుప పెట్టె. అడవి నుంచి తెచ్చింది ఆ పెట్టెలోనే మరి!

ఆగస్టులో ఆ అమ్మాయి ఒక వింత కోరిక కోరింది. మా ఇంట్లో వాళ్ళందరూ వచ్చి పెన్నీని తాకాలట. కొత్త గొంతులు, కొత్త వాసనలు, కొత్త బట్టలు కావాలట. పోటీలో జడ్జీలు కొత్తవాళ్ళు కదా అనుకున్నాను. కారణం అది కాదు. ఆ సంవత్సరం అనావృష్టి వల్ల టెక్సస్‌లో గడ్డి మొలవలేదు. ఎండుగడ్డి ఇతర రాష్ట్రాల నుంచి లారీల్లో వస్తోంది, ధర ఆకాశాన్నంటింది. పెంచలేక గుర్రాలను రోడ్ల పక్కన వదిలేసి పోయినవారూ ఉన్నారు. వాళ్ళ ఇంట్లో అప్పటికే రెండు ముసలి గుర్రాలున్నాయి. మూడోదాన్ని ఉంచుకోలేమని తల్లిదండ్రులు జూన్‌లోనే తేల్చి చెప్పారు. పోటీలో కొందరు పిల్లలు గుర్రాన్ని తమతోనే తీసుకుపోతారు, కొందరు వేరొకరికి దత్తత ఇస్తారు. ఈమెది రెండో దారి. ఆ సంగతి తెలిసే మొదటిరోజు ఆ బాల్చీ మీద కూర్చుంది. “ఇది నన్ను ఒక్కదాన్నే నమ్మితే దానికి అన్యాయం చేసినట్టు” అంది. అందుకే కొత్తవాళ్ళు కావాలి.

అప్పుడు మా అత్తగారు కృష్ణాజిల్లా నుంచి వచ్చి మా దగ్గరున్నారు. పాడి ఉన్న ఇంట పుట్టి పాడి ఉన్న ఇంట మెట్టినావిడ. నూలుచీర కట్టుకొని, చేతినిండా గాజులతో దొడ్లోకి అడుగుపెట్టారు. గాలికి కొంగు రెపరెపలాడింది. పెన్నీ ముక్కుపుటాలు ఎగరేసి మూలకు పోయింది. మా అత్తగారు కంగారుపడలేదు. ఇంత గడ్డి చేత్తో పట్టుకొని, పక్కకు తిరిగి, నాతో పిచ్చాపాటీ మొదలుపెట్టారు. వాళ్ళ ఊళ్ళో పాల కేంద్రం, తమ్ముడిగారి మోకాళ్ళ నొప్పులు, అన్నీ అయ్యాయి. పావుగంటకు గుర్రం వచ్చి ఆ గడ్డి లాక్కుంది. “దా తువ్వాయీ, దా” అంటూ గంగడోలు ఉండవలసిన చోట నిమిరారు. దాని మెడ కింద గంగడోలు లేదని తెలిసి కొంచెం నిరాశపడ్డారు కూడా. పక్కింటి అమ్మాయి నోరు తెరుచుకొని చూసి, ఈవిడకు ఇదంతా ఎవరు నేర్పారని అడిగింది. నేనేం చెప్పను? మచ్చిక అన్న మాట ఉన్న భాషలో పెరిగారని చెప్పాలనిపించింది, కానీ దాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియలేదు.

వేరొకరికి ఇచ్చేస్తుందని తెలిసి మా అత్తగారు నొచ్చుకున్నారు. “ఇంత కష్టపడి చేరదీసి ఎవరి చేతుల్లోనో పెట్టడమేమిటి బాబూ, అడుగు ఆ పిల్లని” అన్నారు. అడిగాను. కాసేపు ఆలోచించి ఆ అమ్మాయి చెప్పింది: “నా దగ్గరుంటే దానికి నేను దొరుకుతాను. వేరేచోట బతకడం వస్తే దానికి చాలామంది దొరుకుతారు.” తెలుగు చేసి చెప్పాను. మా అత్తగారు ముగ్గురు ఆడపిల్లలకు పెళ్ళిళ్ళు చేసినావిడ. కొంగుతో కళ్ళు ఒత్తుకొని, “అప్పగింతలన్నమాట” అన్నారు. మరి మాట్లాడలేదు. నాకైతే ఆ పోలికలో ఒక తేడా కనబడింది. మన అప్పగింతల్లో సర్దుకుపొమ్మని పిల్లకే చెబుతాం. ఇక్కడ గుర్రానికి సరిపడేట్టు ఉండమని తీసుకునేవాళ్ళకు చెప్పబోతున్నారు.

పోటీకి నేను, మా అత్తగారు కూడా వెళ్ళాం. ఎనిమిదేళ్ళ పిల్లలు తమ భుజాన్ని దాటిన గుర్రప్పిల్లలను నడిపించుకుపోతుంటే చూడడానికి ముచ్చటగానూ, భయంగానూ ఉంది. మొదట నాలుగు కాళ్ళూ ఎత్తి చూపడం, ఒళ్ళంతా తడమనివ్వడం, ట్రెయిలర్ ఎక్కించడం. తరువాత అడ్డంకుల బాట: దుంగల మీదుగా నడక, గేటు తెరిచి మూయడం, టార్పాలిన్ మీద నడక, చెక్క వంతెన. చివరిది సంగీతంతో పిల్లలు సొంతంగా కూర్చుకున్న ప్రదర్శన. వేషాలు, గొడుగులు, జెండాలు, ఒక కుర్రవాడైతే గుర్రాన్ని తివాచీ మీద పడుకోబెట్టి పక్కన తనూ పడుకున్నాడు. చప్పట్లతో గుడారం దద్దరిల్లింది, గుర్రం చెవి మాత్రమే కదిలింది.

పెన్నీ చెక్క వంతెన ముందు ఆగిపోయింది. ముందరి కాలు ఒకటి వంతెన మీద పెట్టి, బోలుగా మోగిన శబ్దానికి బిగుసుకుపోయింది. గడియారం నడుస్తోంది. తాడు బిగించి ఒక్క గుంజు గుంజితే దాటి ఉండేదేమో. ఆ అమ్మాయి తాడు వదులు చేసి, పక్కకు తిరిగి, వంతెన వంక కూడా చూడకుండా నిలబడింది. పుస్తకం ఒక్కటే తక్కువ. ఎంతసేపో నేను లెక్కపెట్టలేదు, అక్కడున్నవారందరికీ చాలాసేపనిపించింది. తరువాత నాలుగు గిట్టల చప్పుడు వరసగా వినబడింది. సమయం పోయింది, దానితో పాటు మార్కులూ పోయాయి. చివరికి వచ్చింది పదకొండో స్థానం. ఇంటికి వచ్చాక దాని గురించి అడిగినవారికి “వంతెన మీద దానికి చెడ్డ జ్ఞాపకం ఉండకూడదు కదా, రేపు వేరేవాళ్ళతో దాటాలి” అని మాత్రమే చెప్పింది.

వేలంలో ఒక పెద్దవయసు దంపతులు పెన్నీని పాడుకున్నారు. వాళ్ళ పొలంలో బావి ఉందట, గడ్డి కొంత మిగిలిందట. ఆ అమ్మాయి వాళ్ళకు తాడు ఇచ్చేముందు ఒక నోటుపుస్తకం ఇచ్చింది. వంద రోజులూ రాసుకున్నది. నేను తిరగేసి చూశాను. ఎడమ వెనుకకాలు పట్టుకునేముందు తొడ మీద చేయి వేసి కాసేపు ఆగండి. కుడివైపు నుంచి గొడుగు తెరవకండి. బాల్చీ చప్పుడంటే ఇష్టం. ప్లాస్టిక్ సంచీ ఎగిరితే భయపడుతుంది, కానీ మీరు భయపడకపోతే ఆగిపోతుంది. గాజుల చప్పుడు అలవాటే. ఈ చివరి వాక్యం మా అత్తగారికి చదివి వినిపించాను.

తిరుగు ప్రయాణంలో వాళ్ళ ట్రక్కు వెనుక మా కారు. ఖాళీ ట్రెయిలర్ గతుకుల్లో ఎగిరెగిరి పడుతోంది. ముందు సీట్లో ఆ అమ్మాయి తల కిటికీకి ఆనించుకొని ఉండడం ఒకచోట దీపాల దగ్గర ఆగినప్పుడు కనబడింది. ఏడుస్తోందో నిద్రపోతోందో తెలియలేదు. రెండూ న్యాయమే.

ఇలాంటి పోటీల మీద విమర్శలు లేకపోలేదు. వంద రోజుల గడువు గుర్రానికి కాదు, ప్రేక్షకులకు అనుకూలమన్నది ఒకటి. నిజమే, పెన్నీ ఎడమకాలు క్యాలెండరు చూసుకోదు. గుర్రాలను పట్టి పంచడం కంటే మందలు పెరగకుండా సూదిమందు వేయడం మేలని మరికొందరంటారు. మేరీలాండ్ తీరంలోని అసటీగ్ ద్వీపంలో పీజడ్‌పీ అనే మందును బాణాలతో వేసి గుర్రాల సంఖ్యను అదుపులో పెట్టారు కూడా. అరవై వేల గుర్రాల ముందు పిల్లలు మచ్చిక చేసే కొద్దిపాటి గుర్రాలు సముద్రంలో కాకిరెట్టేనని కూడా అనవచ్చు. ఈ మూడూ కాదనలేను.

ఐతే దీని పక్కన మరో ప్రయత్నాన్ని పెట్టి చూడండి. 2019లో ప్రభుత్వం, శిక్షణ లేని అడవి గుర్రాన్ని దత్తత తీసుకున్నవారికి వెయ్యి డాలర్లు ఇచ్చే పథకం పెట్టింది. దత్తతలు ఒక్కసారిగా పెరిగాయి. ఆ గుర్రాల్లో కొన్ని, డబ్బు చేతికందగానే, కబేళా దళారులు కొనుక్కునే వేలాల్లో తేలాయని 2021లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. 2025లో ఫెడరల్ న్యాయస్థానం ఆ పథకాన్ని కొట్టివేసింది. డబ్బు ఇచ్చి గుర్రాన్ని ఇంటికి పంపవచ్చు గానీ ఆ ఇంట్లో దానికి చోటు కొనలేమని తేలింది. చోటు దొరకాలంటే ముందుగా ఎవరో ఒకరు బాల్చీ బోర్లించుకొని కూర్చోవాలి. ఆ పని ఎంత డబ్బిచ్చినా తొందరగా కాదు.

1971 నాటి పిల్లలు ఉత్తరాలు రాసి ఆ గుర్రాలను పెద్దల నుంచి కాపాడారు. వాళ్ళ మనవల వయసు పిల్లలు ఇప్పుడు, ఆ ఉత్తరాల వల్ల మిగిలిన చిక్కును ఒక్కొక్క గుర్రంగా విప్పుతున్నారు. లెక్కకు చిన్నదే. కానీ పద్నాలుగేళ్ళకే, తనకు మిగలనిదాని కోసం వంద తెల్లవారుజాములు ఖర్చుపెట్టిన మనిషి పెద్దయ్యాక ఎలా ఉంటుందో చూడాలని నాకు ఆశగా ఉంది.

మా అత్తగారు ఊరికి తిరిగి వెళ్ళాక ప్రతి ఆదివారం ఫోనులో పిల్లల తరువాత అడిగేది ఆ గుర్రాన్నే. “తువ్వాయి ఎలా ఉందిట?” డిసెంబరులో ఆ దంపతుల దగ్గర నుంచి పక్కింటికి ఒక ఫొటో వచ్చింది. ఆ అమ్మాయి కంచె మీదుగా మాకూ చూపించింది. వాన పడి నేల కొంచెం పచ్చబడింది. ఆరేడేళ్ళ మనవడొకడు పెన్నీని నడిపించుకొని చిన్న కాలవ మీది చెక్కపలక దాటిస్తున్నాడు. వాడు గుర్రం వంక చూడడం లేదు. తాడు వదులుగా వేలాడుతోంది.